ఫీనిక్స్ కామెల్‌బ్యాక్ కొండ: మే చివర్లో ఎక్కొచ్చా? ఏ దారి నయం?

డాలస్_కోడలు

మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌కి ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో మా మరిది వాళ్లింటికి వస్తున్నాం. తను అక్కడికి మారి ఏడాది కూడా కాలేదు, చలికాలంలో ఆఫీసు వాళ్లతో కలిసి కామెల్‌బ్యాక్ ఎక్కాడట, ఇక అప్పట్నుంచి మనమూ ఎక్కాల్సిందే అని రోజూ వీడియోలు పంపుతున్నాడు. మావారు సరే అనేశారు. నాకూ ఇష్టమే, ట్రెడ్‌మిల్ మీద కాకుండా నిజం కొండ మీద నడిచి చాలా కాలమైంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఇండియా నుంచి వచ్చిన మా మావయ్యగారు కూడా వస్తానంటున్నారు. వయసు 62. పొద్దున్నే ఐదు కిలోమీటర్లు నడుస్తారు, బీపీకి మాత్ర వేసుకుంటారు, అంతకుమించి ఇబ్బందేమీ లేదు. "పైకి మైలుంపావే కదమ్మా, అలిపిరి నుంచి నడిచి కొండెక్కినవాణ్ణి, ఇదో లెక్కా" అంటున్నారు. ఆయన్ని వద్దనడానికి ఇంట్లో ఎవరికీ నోరు రావట్లేదు, చివరికి ఆ పని నా మీదికి నెట్టేలా ఉన్నారు.

నెట్‌లో చూస్తే ఒకరు రెండు గంటల్లో అయిపోతుంది అంటారు, ఇంకొకరు మమ్మల్ని హెలికాప్టర్ వచ్చి దింపింది అంటారు. ఎకో కేన్యన్, చోయా అని రెండు దారులున్నాయట కదా, ఏది నయం? ఎన్నింటికి మొదలుపెట్టాలి? మే చివర్లో ఎండ ఎలా ఉంటుంది? మరిదిని అడిగితే "డ్రై హీట్ వదినా, చెమటే పట్టదు" అంటాడు. నిజమేనా?

టెంపే_తాబేలు

ముందు ఆ చెమట సంగతి. మీ మరిదికి చెమట పట్టక కాదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతోంది. గాలిలో తేమ ఉండదు కాబట్టి ఒళ్లు తడిసినట్టే తెలియదు, అందుకే నీళ్లు తాగాలనీ గుర్తుకు రాదు. కొండ దిగి వచ్చేవాళ్లలో నల్ల టీషర్టు వేసుకున్నవాళ్ల వీపు చూడండి, బ్యాగ్ పట్టీల పక్కన తెల్లటి ఉప్పు చారలు కట్టి ఉంటాయి. అదంతా చెమటే.

ఇప్పుడు దారి. ఎకో కేన్యన్ ఒకవైపు సుమారు 1.2 మైళ్లు, ఆ కాస్త దూరంలోనే 1,200 అడుగులకు పైగా ఎత్తు ఎక్కుతారు. మీరు ట్రెడ్‌మిల్ అన్నారు కాబట్టి ఆ లెక్కలోనే చెప్తాను. మామూలు జిమ్ మెషీన్ ఇంక్లైన్ 15 శాతంతో ఆగిపోతుంది, ఈ దారి సగటు ఏటవాలు 20 శాతం దాకా వస్తుంది. అదీ సగటే, కొన్నిచోట్ల నడక అనడానికే లేదు, చేతులు వాడాలి. మొదట్లో మెట్లు ఉంటాయి, అవి చూసి ఇంతేనా అనుకుంటారు. తర్వాత నున్నటి ఎర్ర బండ ఒకటి వస్తుంది, పక్కన ఇనప రెయిలింగ్ పట్టుకుని ఎక్కాలి. ఆ పైన ఇంకో రెయిలింగ్, అది ఇంకా నిటారు. అదయ్యాక దారి అని గీసినట్టు ఏమీ ఉండదు, పెద్ద పెద్ద బండరాళ్ల మధ్య ఎటు కాలు పడితే అటు వెతుక్కుంటూ పోవడమే. శిఖరం వచ్చేసింది అనుకున్న చోట ఆగి చూస్తే అసలు శిఖరం ఇంకా వెనకాల ఉంటుంది, చాలామందికి అక్కడ మోకాళ్ల కంటే ముందు మనసు డీలా పడుతుంది.

ఇంకోటి, ఎవరూ చెప్పరు కానీ దిగడమే కష్టం. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, ఆగితే సర్దుకుంటుంది. దిగేటప్పుడు తొడలు వణుకుతుంటాయి, బండల మీద సన్నటి గులకరాయి పొడి ఉంటుంది, జారితే పట్టుకోవడానికి పక్కనున్నది ముళ్ల చెట్టే. అందుకే శిఖరం దాకా ఎంత ఓపిక ఉందో కాదు, పైన నిలబడ్డాక ఇంకా ఎంత మిగిలిందో చూసుకోవాలి.

టైం విషయానికొస్తే, మే చివర్లో సూర్యోదయం 5:20 ప్రాంతంలో. ట్రెయిల్ తెరిచి ఉండేది సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా. తెల్లారేసరికి అక్కడ ఉండండి. అరిజోనాలో వేసవికి గడియారం ముందుకు జరపరు, మీకు డాలస్ టైంలో అది 7:20 అవుతుంది కాబట్టి లేవడం పెద్ద బాధేం కాదు. ఎనిమిదికల్లా కారు దగ్గర ఉండేలా చూసుకోండి.

గిల్బర్ట్_గోపి

తాబేలుగారు ఎకో కేన్యన్ వైపే మొగ్గుతారని ముందే తెలుసు. నా ఓటు చోయాకే. దూరం కొంచెం ఎక్కువ, ఆ మేరకు ఏటవాలు తక్కువ, మొదటి సగమంతా మలుపులు తిరుగుతూ హాయిగా నడిచే దారి. నడుస్తుంటే కింద ఊరు మొత్తం కనిపిస్తూనే ఉంటుంది, ఎకో కేన్యన్‌లో అయితే చాలాసేపు ముందువాడి బూట్లు తప్ప ఏమీ కనిపించవు. మధ్యలో ఒక జీను లాంటి చోటు వస్తుంది, అక్కడ ఆగి వెనక్కి తిరిగినా ఏదో చూశాం అనిపిస్తుంది, పెద్దవాళ్లుంటే అది పెద్ద ప్లస్.

చోయా గురించి పాత బ్లాగులు మాత్రం నమ్మకండి. 2020 మార్చిలో మూసేశారు, 2022 అక్టోబర్‌లో తిరిగి తెరిచారు. ఇప్పుడు మొదలయ్యే చోటు ఇన్వర్‌గార్డన్ రోడ్డు మీదే ఉంది, కార్లు కూడా ఆ రోడ్డు పక్కనే పెట్టాలి. పాత మ్యాప్ పట్టుకుని వెళ్లి కాలనీ సందుల్లో తిరిగేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు.

టెంపే_తాబేలు

గోపీ, మొదటి సగం గురించి చెప్పి రెండో సగం మింగేశావు. ఆ జీను దాటాక చోయా నడకదారి కాదు, రాతి గట్టు. రెండు పక్కలా లోయ, రాళ్ల మీద వేసిన గుర్తులు చూసుకుంటూ చేతులతో పాకాలి, పట్టుకోవడానికి ఎకో కేన్యన్‌లో లాంటి రెయిలింగ్ కూడా ఉండదు. ఎత్తు అంటే కళ్లు తిరిగేవాళ్లకి అదే గండం. సిటీ పార్కుల వాళ్లు రెండు దారులకీ ఒకే రేటింగ్ ఇచ్చారు, అత్యంత కఠినం అని. ఊరికే ఇవ్వరు కదా.

పైగా చోయా ఉండేది కొండకి తూర్పున. పొద్దు పొడవగానే ఎండ నేరుగా వీపు మీదే. ఎకో కేన్యన్ పడమటి వైపు కాబట్టి తొలి గంట చాలావరకు కొండ నీడలో నడుస్తారు. చలికాలంలో నువ్వు చెప్పింది ఒప్పుకుంటా, అప్పుడు ఆ ఎండే సుఖం. మే చివర్లో నీడ ఉన్న దారే దారి.

గిల్బర్ట్_గోపి

నీడ సంగతి సరే, అది నిజమే. పార్కింగ్ గురించి కూడా చెప్పు మరి. ఎకో కేన్యన్ లాట్ చిన్నది, లాంగ్ వీకెండ్ అంటే తెల్లారకముందే క్యూ. నిండితే చుట్టుపక్కల వీధుల్లో పెట్టనివ్వరు, పెడితే జరిమానా టికెట్టో, కారు లాక్కెళ్లిపోవడమో. డాలస్ వాళ్లు క్యాబ్‌లో దిగడమే మంచిది. దిగేటప్పుడు ఫోన్‌లో చార్జింగ్ మిగిలేలా చూసుకోండి, లేకపోతే తిరిగి వెళ్లడానికి క్యాబ్ బుక్ చేయలేక ఎండలో నిలబడతారు.

రాత్రి_డ్యూటీ

నేను ఈ ఊళ్లోనే నర్సుగా పనిచేస్తున్నాను. దారుల పోటీ మీరిద్దరూ చూసుకోండి, నేను ఎండ గురించి చెప్తాను.

మే చివర్లో మధ్యాహ్నాలు 100 ఫారన్‌హీట్ అటూఇటూ ఉంటాయి, అంటే మన లెక్కలో 38 సెల్సియస్. ఆ ఏడాది వేడి ముందే వస్తే ఇంకా ఎక్కువ. ఈ ఊరి వేసవిని తేలిగ్గా తీసుకోకండి, 2023లో 31 రోజులు వరసగా 110 ఫారన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువే నమోదైంది. ఇంకో సంగతి, బయటి ఊళ్లవాళ్లు మధ్యాహ్నం 12 గడిస్తే చల్లబడుతుంది, సాయంత్రం నాలుగున్నరకి ఎక్కుదాం అనుకుంటారు. ఇక్కడ రోజు మొత్తంలో ఎక్కువ వేడి ఉండేది సరిగ్గా నాలుగు, ఐదు మధ్యలోనే. బండలు పొద్దుటి నుంచీ కాగి ఉంటాయి, చెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది, కింద నుంచి సెగ, పైనుంచి ఎండ.

నీళ్లు మనిషికి కనీసం రెండు లీటర్లు, ఎవరివి వాళ్ల వీపు మీదే. నలుగురికీ కలిపి ఒక బ్యాగ్ అని పెట్టుకుంటే ఆ బ్యాగ్ మోసేవాడు ముందుకెళ్లిపోతాడు, వెనకబడ్డవాళ్లకి చుక్క ఉండదు. ఒక్కసారి ఎక్కడం మొదలెట్టాక కుళాయి, కొట్టు ఏమీ రావు. ఉత్త నీళ్లే గడగడా తాగినా మంచిది కాదు, ఒంట్లో సోడియం పడిపోయి అదో ప్రమాదం, ఎలక్ట్రోలైట్ పౌడర్ కలిపినవి ఒక బాటిల్, ఉప్పు ఉన్న తిండి కాస్త పెట్టుకోండి. మీ నీళ్లలో సగం అయిపోయాయంటే శిఖరం వంద అడుగుల్లో ఉన్నా వెనక్కి తిరగాలి.

తలనొప్పి, వికారం, కాళ్లు పట్టేయడం మొదలైతే నీడ చూసుకుని కూర్చోబెట్టి, చల్లబరిచి, దింపేయండి. ఎండలో ఉండి రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయి, చలిగా ఉంది అంటే ఇంకా సీరియస్. మాట తడబడుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్తున్నా అది వడదెబ్బ కిందే లెక్క, చెమట పడుతోంది కదా ఫర్వాలేదు అనుకోవద్దు. వెంటనే ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేయాలి, వాళ్లు వచ్చేలోగా తల మీద, మెడ మీద, చంకల దగ్గర నీళ్లు పోసి విసరాలి. దారి పక్కన నంబర్లు వేసిన గుర్తులు కనిపిస్తుంటాయి, చివరగా దాటిన నంబర్ చెప్తే వాళ్లు తిన్నగా వస్తారు.

మీ మావయ్యగారి బీపీ మాత్ర పేరేంటో చూడండి. కొన్ని మాత్రలు ఒంట్లో నీరు బయటికి పంపేవి ఉంటాయి, కొన్ని గుండె వేగం పెరగనివ్వవు, ఆ రెండు రకాలూ ఎండలో ఇబ్బంది పెట్టేవే. వెళ్లేముందు ఆయన డాక్టర్‌కి ఒక్క ఫోన్ చేయించండి. మాత్ర ఆపమని నేను అనట్లేదు, పొరపాటున కూడా సొంతంగా ఆపకండి.

డాలస్_కోడలు

అమ్మో, ఇంత ఉందా. మాత్ర పేరు చూశాను, మీరన్నట్టు నీరు పంపే రకమే. డాక్టర్‌కి మావారు ఫోన్ చేస్తున్నారు. డాక్టర్ ఊ అన్నా కూడా ఆయన శిఖరం దాకా రాకపోతేనే మంచిదని నాకు అనిపిస్తోంది, కానీ ఇంట్లో వదిలేసి వెళ్తే మొహం ముడుచుకుంటారు. అలిపిరి మాట మళ్లీ తీస్తారు.

కొండగాలి_మేష్టారు

అమ్మాయ్, నాకూ అరవై దాటాయి, ఫీనిక్స్ వచ్చి చాలా ఏళ్లయింది కాబట్టి మీ మావగారి తరఫున కూడా కాస్త మాట్లాడతాను. ఆయన అలిపిరి ఎక్కిన మాట నిజమే, తక్కువ పనేం కాదు, 3,550 మెట్లు. కానీ ఆ దారిలో చాలాదూరం తల మీద కప్పు ఉంటుంది, దాహమేస్తే కుళాయి ఉంటుంది, ఎక్కువమంది తెల్లవారుజామునో రాత్రో ఎక్కుతారు, కాలు పెట్టడానికి కట్టిన మెట్లుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, పైకి చేరితే బస్సు ఎక్కి దిగిపోవచ్చు. ఇక్కడ ఎక్కినవాళ్లు ఎక్కినంతా తమ కాళ్లతోనే దిగాలి. ఈ చివరి ముక్క ఆయనతో చెప్పి చూడండి, వయసు మాట ఎత్తకండి. వయసు అన్నారా, ఇక ఆగరు.

పూర్తిగా వద్దనడం కంటే ఎంతవరకు అనేది ముందే తేల్చుకోవడం మేలు. డాక్టర్ ఒప్పుకుంటే ఎకో కేన్యన్‌లో మొదటి రెయిలింగ్ దాకా తీసుకెళ్లండి. అక్కడికే దారి స్వభావం అర్థమైపోతుంది, ప్రేయింగ్ మంక్ అని మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెడుతున్న మనిషిలా ఉండే రాయి ఆ వైపే కనిపిస్తుంది, ఫొటోలూ బాగా వస్తాయి. ఒక షరతు, ఆయన్ని ఒక్కరినే "మీరు కిందికి వెళ్లి కూర్చోండి" అని పంపకండి. ఎవరో ఒకరు ఆయనతో దిగాలి, ఆ ఒకరు ఎవరో ఇంట్లోనే తేల్చుకోండి, కొండ మీద తేలదు. మీ మరిది ఇప్పటికే ఎక్కాడు కదా, ఆ పని అతనికి అప్పజెప్పండి.

అదీ వద్దనుకుంటే ఇంకో మార్గం ఉంది. పాపగో పార్కులో హోల్ ఇన్ ద రాక్ అని ఎర్ర కొండకి పడిన పెద్ద రంధ్రం, చిన్న నడక, కాసేపట్లో ఎక్కి అందులో కూర్చోవచ్చు, ఊరంతా ఫ్రేమ్ కట్టినట్టు కనబడుతుంది. సౌత్ మౌంటెన్ మీద డాబిన్స్ లుకౌట్‌కైతే కారే వెళ్తుంది, 2,330 అడుగుల ఎత్తు, అంటే కామెల్‌బ్యాక్ శిఖరం కంటే దాదాపు 370 అడుగులే తక్కువ. చెమట కూడా పట్టకుండా ఆ వ్యూ చూడొచ్చు. నన్నడిగితే అసలు అక్కణ్ణుంచే ఊరు బాగా కనబడుతుంది, ఎందుకంటే ఊరి మధ్యలో కామెల్‌బ్యాక్ కూడా కనబడుతుంది కదా, ఒంటె పడుకున్నట్టే ఉంటుంది. కామెల్‌బ్యాక్ మీద నిలబడితే ఆ ఒక్కటే కనబడదు.

మీసా_మిర్చి

ఎవరూ చెప్పలేదు కాబట్టి చోయా మొక్క గురించి రెండు ముక్కలు. దారికి ఆ పేరు వచ్చింది ఈ జెముడు మొక్క వల్లే, రెండు దారుల్లోనూ ఉంటుంది. దూరం నుంచి బొచ్చు బొమ్మలా మెత్తగా కనిపిస్తుంది. కాస్త రాసుకుంటే చాలు, కణుపు కణుపే ఊడి ప్యాంటుకో పిక్కకో అతుక్కుంటుంది, ముల్లు చివర కొక్కేల్లా ఉంటాయి కాబట్టి లాగితే చర్మంతో సహా లేస్తుంది. చేత్తో తీయబోతే ఆ చేతికీ పట్టుకుంటుంది. జేబులో పళ్లు దూరంగా ఉన్న దువ్వెన ఒకటి పెట్టుకోండి. ముద్దకీ చర్మానికీ మధ్య దువ్వెన దూర్చి ఒక్క విసురుతో అవతలికి ఎగరగొట్టాలి, పక్కన మనిషి లేకుండా చూసుకుని. మిగిలిన ముళ్లు ట్వీజర్‌తో. మా ఫ్రెండ్ భార్య ఆ దువ్వెన బ్యాగ్‌లోంచి తీస్తే అందరూ నవ్వారు, పావుగంట తర్వాత దాని కోసం ముగ్గురు అడిగారు.

ఎండాకాలం గిలక పాములు (రాటిల్‌స్నేక్) కూడా పొద్దున, సాయంత్రమే తిరుగుతాయి. చెయ్యి పెట్టేముందు రాయి అవతల ఏముందో చూడాలి, ఇయర్‌ఫోన్స్ తీసేయాలి, గిలక చప్పుడు వినపడాలి కదా. చక్‌వాలా అని లావుపాటి తొండ లాంటిది మాత్రం కనిపిస్తే భయపడకండి. మనల్ని చూడగానే రాతి పగుల్లో దూరి ఒళ్లు ఉబ్బించుకుని బిగుసుకుపోతుంది, ఎవరూ లాగలేకుండా. పిల్లలు గంటసేపు దాన్ని చూస్తూ కూర్చుంటారు.

రాత్రి_డ్యూటీ

వెళ్లే ముందు రోజు సాయంత్రం ఇంకోటి చూసుకోండి. వాతావరణ శాఖ తీవ్ర వేడి హెచ్చరిక ఇచ్చిన రోజున కామెల్‌బ్యాక్ దారులు రెండూ, ఈ ఊళ్లోనే ఉన్న ఇంకో కొండ పియెస్టెవా పీక్ దారి పగటిపూట మూసేస్తారు. 2021లో మొదలుపెట్టినప్పుడు ఉదయం 11 నుంచి సాయంత్రం 5 దాకా ఉండేది, తర్వాత ఇంకా పొద్దున్నే మూసేలా టైం మార్చారు, కాబట్టి ఆ రోజు టైం ఎంతో సిటీ పేజీలో చూసి కదలండి. జనాన్ని ఆపడానికి మాత్రమే పెట్టింది కాదు అది. పైన ఒకరు పడిపోతే ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు అంత బరువైన సామాను వేసుకుని అదే ఎండలో ఎక్కాలి, ఒకే చక్రం ఉన్న స్ట్రెచర్ మీద మనిషిని కట్టి ఆరుగురు ఎనిమిదిమంది పట్టుకుని ఆ బండల మీదుగా దింపాలి. వాళ్లకే వడదెబ్బ తగిలిన సందర్భాలున్నాయి. ఫీనిక్స్‌లో రెస్క్యూకి బిల్లు వేయరు, కొంతమందికి అందుకే లోకువ.

డాలస్_కోడలు

అందరికీ చాలా థాంక్స్. మా ఇంటి వాట్సాప్ గ్రూప్‌లో ఈ థ్రెడ్ పెట్టేశాను, నేను చెప్పాల్సిన పని తప్పింది. ఆదివారం తెల్లారేసరికి ఎకో కేన్యన్, క్యాబ్‌లో. మావయ్యగారు డాక్టర్ ఒప్పుకుంటే మొదటి రెయిలింగ్ దాకా, మరిది ఆయనతో దిగుతాడు, ఏడున్నరకి మేం ఎక్కడుంటే అక్కణ్ణుంచి వెనక్కి తిరుగుతాం. సోమవారం డాబిన్స్ లుకౌట్ కారులో. "బస్సు ఉండదు" అన్న ముక్క దగ్గర మాత్రం ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఒక్క డౌట్. మరిది వాళ్ల కుక్కని కూడా తెస్తానంటున్నాడు. ల్యాబ్రడార్, బాగా పరిగెడుతుంది.

గిల్బర్ట్_గోపి

కామెల్‌బ్యాక్ మీద కుక్కలకి ఎంట్రీ లేదు, రెండు దారుల్లోనూ. పియెస్టెవా శిఖరం దారిలోనూ అంతే. మిగతా సిటీ ట్రెయిల్స్‌లో కూడా వేడి 100 ఫారన్‌హీట్ దాటితే తీసుకెళ్లకూడదు, పాదాలు కాలిపోతాయి. ఇంట్లో ఏసీ వేసి వదిలి రమ్మనండి.